కన్యక పుర్రచెయ్యి

నిరంజన్ థాయిలాండ్ వెళ్ళి అందరిలా చాక్లెట్లూ సెంటు సీసాలూ తేలేదు. గోల్ఫ్ పిచ్చి అంటించుకుని వచ్చాడు.

రాజమండ్రిలో వాళ్ళది రంగుల షాపు. బాగా సరుకు లేపిన డీలర్లని కంపెనీవాళ్ళు అప్పుడప్పుడూ విదేశాలు తిప్పుతుంటారు. ఆ తిప్పుడులో ఒక పూట గోల్ఫ్ మైదానానికి తీసుకెళ్ళి, తలో కర్రా చేతికిచ్చి కొట్టమన్నారట. నిరంజన్ కొట్టినవాటిలో ఒక బంతి, ఎలా తగిలిందో ఏమో, రివ్వున లేచి కనబడకుండా పోయింది. ఆ ఒక్క బంతితో మనిషి మారిపోయాడు. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ షాపులో రోలర్ కర్ర చేతికి తగిలినా రెండు చేతులతో పట్టుకుని ఊపడమే.

సరిగ్గా అప్పుడే కడియం రోడ్డులో ఒక రైసుమిల్లు ఆసామి, ఎత్తేసిన నర్సరీ నేలని చదును చేయించి, చుట్టూ ఎత్తుగా వలలు కట్టించి గోల్ఫ్ ప్రాక్టీసుకి చోటు తెరిచాడు. అసలు మైదానం కాదది. రేకుల షెడ్డు కింద వరసగా పచ్చ చాపలు, చాప మీద బంతి పెట్టుకుని ఎదురుగా ఖాళీలోకి కొట్టుకోవడం, అంతే. భార్యాభర్తలకి కలిపి మెంబర్‌షిప్ అన్నారు. "నువ్వూ రావోయ్, ఒంటికి కాస్త కదలికైనా ఉంటుంది" అన్నాడు నిరంజన్. అలా కన్యక నలభై దాటాక, చుడీదార్ కింద బూట్లు తొడుక్కుని, చేతిలో ఇనప కర్రతో పచ్చ చాప మీద నిలబడింది.

కన్యక అంటే షాపులో అందరికీ కాస్త హడలు. పెనుగొండ కిరాణా వ్యాపారి కూతురు. కౌంటర్ దగ్గర కూర్చుందంటే మేస్త్రీలు గొంతు తగ్గించి మాట్లాడతారు. చేపట్టిన పని రాలేదనిపించుకోవడం ఆవిడకి తెలీదు. డ్రైవింగ్ నేర్చుకుంది, జీఎస్టీ లెక్కలు నేర్చుకుంది, రంగులు కలిపే మిషను మొరాయిస్తే విప్పడం నేర్చుకుంది. గోల్ఫ్ మాత్రం రాలేదు.

కొట్టగానే బంతి బుద్ధిగా ముందుకే బయల్దేరుతుంది. సగం దూరం పోయాక ఎవరో కేకేసి పిలిచినట్టు కుడివైపుకి వంపు తిరిగి, వెళ్ళి వలలో పడుతుంది. ఒక్కోసారి కర్ర అంచు బంతి నెత్తిన తగిలి, బంతి నాలుగడుగులు దొర్లి ఆగిపోతుంది. ఒక్కోసారి బంతికి ఇవతలే నేలని పొడిచి, మణికట్లు రెండూ ఝల్లుమంటాయి. ఎదురుగా వాళ్ళాయన చూస్తుంటాడు.

"తల ఎత్తావు" అంటాడు.

"ఎత్తలేదండీ."

"ఎత్తావు. నేను చూశాగా. బంతి ఎటు పోతోందో చూద్దామని ముందే తల ఎత్తేస్తావు. తల దించి కొట్టు."

తల దించి కొడుతుంది. బంతి కుడివైపే పోతుంది. "మళ్ళీ ఎత్తావు" అంటాడు.

పక్క చాప మీద ఆడే పళ్ళ డాక్టరు, "ఎడం మోచెయ్యి వంగకూడదు మేడమ్, కర్రలా ఉండాలి" అంటాడు. ఆయన బంతులు ఎటు పోతాయో ఆయనకే తెలీదు. మిల్లు ఆసామి పలకరించడానికి వచ్చి, "మీరు టెన్షన్ పడుతున్నారమ్మా, రిలాక్స్ అవ్వండి" అంటాడు. ఆ మాట వినగానే కన్యకకి ఒళ్ళు మండిపోయేది. కౌంటర్‌లో అయితే చెడామడా కడిగేసేది. ఇక్కడ ఊరుకుంది, ఎందుకంటే కొట్టడం రావట్లేదు. రానివాళ్ళకి ఎవరైనా చెప్పొచ్చు కదా. ఆ ఊరుకోవడమే లోపల పేరుకుంటూ వచ్చింది.

కొన్నాళ్ళకి మిల్లు ఆసామి కోచ్‌ని పెట్టాడు. హేమశ్రీ అని, కాకినాడ పిల్ల. బెంగళూరులో నేర్చుకుని, అక్కడే కొంతకాలం నేర్పి, అమ్మకి ఒంట్లో బాగోక ఇటు వచ్చేసింది. ముప్ఫై ఏళ్ళు లేవు గానీ మాట ఖండితంగా ఉంటుంది. మొదటిరోజు కన్యక కొట్టడం చూస్తుంటే నిరంజన్ పక్కన చేరి, "ప్రాబ్లెమ్ ఏంటంటే, తల..." అని మొదలెట్టాడు.

"సార్, మీ చాప అదండి" అంది హేమశ్రీ, చెయ్యి చూపించి.

కన్యకకి ఆ పిల్ల అక్కడికక్కడే నచ్చేసింది.

"తల ఎత్తడం రోగం కాదండీ, రోగ లక్షణం" అని చెప్పింది హేమశ్రీ, నిరంజన్ వెళ్ళాక. "కర్ర కిందికి దిగేటప్పుడు మీ నడుం బంతి వైపు తోసుకొచ్చి పైకి లేచిపోతోంది. నడుం లేస్తే తల లేవదా? తలని పట్టుకుని ఎంత దించినా లాభం లేదు."

ఇక బంతి కుడివైపుకి తిరగడానికి కారణం వేరే ఉందంది. పట్టు చూసింది. ఎడం చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. "పై చేతి వేళ్ళ మెటికలు వంగి చూస్తే మీకు రెండు కనబడాలి. మీకు ఒకటే కనబడుతోంది. అందుకే కర్ర మొహం, అదే చివరనుండే పలక, బయటికి తెరుచుకుని బంతికి తగులుతోంది. తెరిచిన తలుపుకి బంతి వేస్తే అవతలకే కదా పోయేది?" పట్టు మార్పించింది. తర్వాత కర్ర వచ్చే దారి చూసింది. భుజం ముందుకు తోసుకొచ్చి, బయటినుంచి లోపలికి, కొబ్బరిబోండాం నరికినట్టు కొడుతోందంది. బంతికి అవతలగా ఒక ఖాళీ అట్టపెట్టె పెట్టి, "ఇది తగలకుండా కొట్టండి" అంది. చంకలో చేతిరుమాలు పెట్టి, "ఇది పడకుండా కొట్టండి" అంది. పాదాలు రెండూ దగ్గరపెట్టించి చిన్న చిన్న దెబ్బలు కొట్టించింది.

చెప్పినవన్నీ కన్యక పంతంగా చేసింది. రెండు మూడు రోజులు బంతి తిన్నగా పోయేది. ఆ తర్వాత పట్టు కుదిరితే భుజం తప్పేది, భుజం కుదిరితే మణికట్టు ముందే విడిపోయేది. ఎంత చేసినా చేతులు తనవి కానట్టు, ఎరువు తెచ్చుకున్నవైనట్టు ఉండేవి.

"నేను చెప్పింది చెప్పినట్టు చేస్తున్నారు" అంది హేమశ్రీ ఒకరోజు, ఫోన్‌లో వీడియో ముందుకీ వెనక్కీ జరుపుతూ. "తప్పు నా దగ్గరే ఉన్నట్టుంది. ఎక్కడో ఏదో నాకు అందట్లేదండీ."

మర్నాడు పొద్దున్న కన్యక ఏది కొట్టినా వంకరే. హేమశ్రీ వెనకనుంచి ఫోన్‌లో తీస్తోంది. అవతల చాప దగ్గర నిరంజన్, పళ్ళ డాక్టరు టీ తాగుతూ మాట్లాడుకుంటున్నారు. నిరంజన్ గొంతు సహజంగానే పెద్దది.

"ఆడవాళ్ళకి భుజబలం ఉండదు కదండీ. ఎంత నేర్పినా కొంతవరకే. ఏదో కాలక్షేపానికి బాగానే ఉంటుంది."

అది కన్యక చెవిన పడింది. నెలల తరబడి లోపల పేరుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. చాప మీద బంతి ఇంకా అలాగే ఉంది. ఇంటికి పోదామని బంతిని దాటి అవతలికి వచ్చేసింది. వచ్చేసినదల్లా గిరుక్కున తిరిగి, కర్ర చేతిలో ఎలా తిరగబడిందో చూసుకోకుండా, పామునో తేలునో కొట్టినట్టు ఆ బంతిని ఒక్కటి వేసింది. అటువైపు నుంచి. ఎడం చేతి ఊపుతో.

ఠాప్‌మని మోత. బంతి తక్కువ ఎత్తులో, గీత గీసినట్టు, ఎటూ తిరక్కుండా వెళ్ళి ఎదుటి వల మధ్యలో కొట్టుకుంది.

టీ కప్పులు గాల్లో ఆగిపోయాయి. కన్యక మాత్రం వాళ్ళ వైపు తిరిగి, "భుజబలం చాలదాండీ?" అని అరిచింది. "చాలకపోతే చెప్పండి, ఈసారి బంతి అక్కర్లేదు!"

 హేమశ్రీ అటు చూడనేలేదు. ఫోన్‌లో ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ నెమ్మదిగా తిప్పుకుంటోంది.

"ఇంకోసారి కొట్టండి."

"నా వల్ల కాదు. పోతున్నాను."

"ఒక్కసారి. ఇప్పుడు కొట్టినట్టే. కర్ర తలకిందులుగా, మొన కిందికి ఉంచండి. అటువైపే నిలబడండి."

కన్యక ఇంకా ఊగిపోతూనే కొట్టింది. కర్ర తలకిందులుగా ఉంది కాబట్టి ఎత్తు లేవలేదు గానీ, మళ్ళీ తిన్నగానే పోయింది. హేమశ్రీ గంపలోంచి బంతొకటి తీసిచ్చింది. "ఆ వల మీదికి విసరండి." కన్యక కుడి చేత్తో విసిరింది. పది గజాలు పోయి పడింది. "ఆ చేత్తో కాదు."

"అంటే?"

"రెండో చేత్తో."

ఎడం చేత్తో విసిరిన బంతి వల పై అంచుకి తగిలింది.

"మీది ఎడమచేతివాటమా అండీ?"

"కాదు" అంది కన్యక వెంటనే, ఎవరో దొంగతనం అంటగట్టినట్టు. "నేను పుర్రచేతిదాన్నేం కాదు. కుడి చేత్తోనే రాస్తాను, కుడి చేత్తోనే తింటాను."

"రాయడం, తినడం నేర్పిస్తే వస్తాయండీ" అంది హేమశ్రీ. "ఎడమచేతివాటం వాళ్ళు చాలామంది కుడివైపు నుంచే ఆడతారు, బాగా కూడా ఆడతారు. అదేం తప్పు కాదు. అందుకే నాకూ అనుమానం రాలేదు, అడగాల్సింది అడగలేదు. కానీ ఈ వీడియో చూడండి. ఇటు కొట్టినప్పుడు మీ ఒళ్ళు ఎవరూ చెప్పకుండానే తిరిగింది. బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి వచ్చింది. మణికట్టు చివర్లో విడింది. నేను ఇన్ని వారాలు పెట్టెలూ రుమాళ్ళూ పెట్టి చేయించలేనివన్నీ ఇందులో ఉన్నాయి."

కన్యక ఆ చిన్న తెర మీద తనని తాను చూసుకుంది. ఆ మనిషి ఎవరో తెలీనట్టుంది. భలే సుళువుగా తిరుగుతోంది ఆవిడ. చూస్తుండగానే కన్యకకి పురికొస గుర్తొచ్చింది.

పెనుగొండ షాపులో పొట్లాలు కట్టే జనపనార పురికొస. అన్నానికి కూర్చుంటే, పలక ముందు పెట్టుకుంటే, ఎడం మణికట్టుకి రెండు చుట్లు చుట్టి కుర్చీ కాలికి ముడేసేవారు. గీరుకుపోయి ఎర్రగా చార తేలేది. బళ్ళో మేష్టారు స్కేలు నిలువుగా పట్టి ఆ చేతి మెటికల మీదే కొట్టేవాడు. షాపులో ఎవరికైనా ఎడం చేత్తో ఏదైనా అందిస్తే వాళ్ళు పుచ్చుకునేవారు కాదు. "జోగేశ్వరరావుగారూ, మీ అమ్మాయిది పుర్రచెయ్యాండీ?" అని నవ్వేవారు. నాన్న మొహం మాడిపోయేది. ఇవన్నీ ఆవిడకి తెలీనివి కావు. ఎప్పుడూ ఒక చోట చేర్చి చూసుకోలేదు, అంతే.

తిరుగుదారిలో కారు నిరంజన్ నడుపుతున్నాడు. మోరంపూడి దాటాక మెల్లిగా, "అవునోయ్, నువ్వు కూరలు ఎడం చేత్తోనేగా తరుగుతావు. సూదిలో దారం కూడా. పెళ్ళైన కొత్తలోనే చూశాను" అన్నాడు, తనకి ముందే తెలుసన్న సంబరంతో.

"చూశారా?"

"చూశాను."

"చూసి, ఇన్నాళ్ళూ తల దించు, తల దించు అన్నారా?"

 కన్యక అద్దం దించేసి బయటికి చూస్తూ కూర్చుంది. ఆయన మీద కోపం ఉంది గానీ, ఆయనతో తీరే కోపం కాదని తెలిసిపోయింది. షాపు దగ్గర దిగమని చెప్పి, తను స్టీరింగ్ ముందుకి మారి, "పెనుగొండ వెళ్ళొస్తాను" అంది. "ఇప్పుడా? ఎందుకు?" అన్నాడు. ఆవిడ గేరు వేసింది.

రావులపాలెం దాటి, సిద్ధాంతం వంతెన ఎక్కేసరికి కూడా చల్లారలేదు. అనాల్సిన మాటలు పైకే అనుకుంటూ నడిపింది. పక్కన పోయే లారీవాడు వింతగా చూశాడు.

నాన్నగారి కిరాణా షాపు ఇప్పుడు తమ్ముడు శ్యాంబాబు చూస్తున్నాడు. అమ్మానాన్నా పై వాటాలో వాళ్ళతోనే ఉంటారు. జోగేశ్వరరావుగారు భోజనం ముందు వార్తలు చూస్తున్నారు. "ఏంటమ్మాయ్, ఫోనైనా చెయ్యకుండా వచ్చేశావు?" అన్నారు, ఆనందంగానే.

కూర్చోకుండానే అడిగింది కన్యక. "నాన్నగారూ, చిన్నప్పుడు నా ఎడం చెయ్యి పురికొసతో కుర్చీకి కట్టేసేవారు. ఎందుకు కట్టారు?"

ఆయన టీవీ గొంతు తగ్గించారు. "నేనా? ఎప్పుడే?"

"ఎప్పుడేంటి? ఏళ్ళ తరబడి. అన్నం తింటుంటే, రాసుకుంటుంటే."

"నాకేం గుర్తులేదమ్మా" అన్నారాయన. దాచడం లేదు. కళ్ళు చిట్లించి నిజంగానే వెతుక్కుంటున్నారు. "ఎడం చేత్తో తినకూడదని చెప్పుంటాను. ఎవరైనా చెప్తారు. షాపన్నాక నాలుగు రకాల జనం వస్తారు, ఎడం చేత్తో చిల్లరిస్తే బేరం పోదా? రేపు పెళ్ళయి ఒకరింటికి వెళ్ళాక వడ్డిస్తే ఏమంటారు? అయినా నీకేం తక్కువైందిప్పుడు? రాజమండ్రిలో షాపు నడుపుతున్నావు, కారులో తిరుగుతున్నావు."

పెనుగొండ దాకా కన్యక మోసుకొచ్చిన మాటల్లో ఒక్కటీ ఇక్కడ పనికొచ్చేలా లేదు. ఆయన తప్పలేదంటాడేమో, ఎదురు కేకలేస్తాడేమో అని సిద్ధపడి వచ్చింది. గుర్తే లేదంటే ఎవరితో దెబ్బలాడాలి? తను మణికట్టు మీద మోసినది ఈయన బుర్రలో ఒక మూలైనా లేదు.

"గుర్తులేదా?" అంది.  "నా చేతి మీద చారలు పడ్డాయి నాన్నగారూ. నీకు గుర్తే లేదా?" జన్మలో మొదటిసారి ఆయన్ని నువ్వు అంది. అన్న సంగతి ఇద్దరికీ తెలిసింది.

"ఆయనకెందుకు గుర్తుంటుంది?" అంది వెనకనుంచి అమ్మ. సూరమ్మగారు వంటింటి గుమ్మంలో గరిటతో నిలబడి ఉంది. "కట్టింది ఆయన కాదు. నేను."

కన్యక తిరిగి చూసింది.  ఇన్నేళ్ళూ ఆ ముడి వేసే చేతులు తలుచుకుంటే నాన్న చేతులే కనబడేవి.

"నువ్వా?"

"నేనే. మీ నాయనమ్మ అట్లకాడ కాల్చి వాత పెడతానంది. ఒక్కసారి చురుక్కుమంటే జన్మలో ఆ చెయ్యి ఎత్తదంది. పొయ్యిలో పెట్టేసింది కూడా. వద్దత్తయ్యా, నేను మాన్పిస్తాను అని నీ చెయ్యి కట్టాను. ఆవిడ చూస్తున్నంతసేపు కట్టేదాన్ని, అటు తిరగ్గానే వదులు చేసేదాన్ని."

"అందుకని నన్ను కట్టావా?"

"అందుకనే కట్టాను."

"కట్టాల్సింది నా చెయ్యి కాదమ్మా. అట్లకాడ పట్టుకున్న ఆవిడ చెయ్యి!"

సూరమ్మగారి మొహం ఎర్రబడింది. "ఓహో! అలాగా! ఇప్పుడు కారు దిగి వచ్చి చెప్తున్నావు. అప్పుడు నాకెన్నేళ్ళనుకున్నావు? ఇరవై నిండలేదు. ఆ ఇంట్లో గట్టిగా దగ్గితే తప్పు. అత్తగారి చెయ్యి కడతానా నేను? నీ చేతికి వాత పడలేదు కదా, అది చూసుకో. నా చేతులకి పడ్డవి ఎవరూ అడగలేదు!"

ఎదురెదురుగా నిలబడి అరుచుకున్నారు తల్లీకూతుళ్ళు. కింద షాపులో బేరం చేస్తున్నవాళ్ళు తలెత్తి చూసేంతగా అరుచుకున్నారు. శ్యాంబాబు సగం మెట్లెక్కి, పరిస్థితి కనిపెట్టి దిగిపోయాడు. కన్యకకి అమ్మ మీద జాలి వేయలేదు. వేయాలని తెలుసు, కానీ వేయలేదు. అమ్మ భయపడింది నిజమే. చెయ్యి పోయింది మాత్రం తనది. ఈ రెండిట్లో ఏదీ రెండోదాన్ని కొట్టేయడం లేదు.

అలసిపోయాక సూరమ్మగారు లోపలికి వెళ్ళి కంచాలు పెట్టింది. "తిన్నాక అరుద్దువుగాని" అంది.

జోగేశ్వరరావుగారు ముభావంగా వచ్చి కూర్చున్నారు. కన్యక ఎదురుగా కూర్చుంది. ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, బెండకాయ వేపుడు. కన్యక కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడం చెయ్యి కంచంలో పెట్టి అన్నం కలిపింది.

"ఆ చేత్తోనా?" అన్నారు జోగేశ్వరరావుగారు. గొంతులో కోపం కంటే జుగుప్స ఎక్కువగా ఉంది. "ఛీ, ఛీ! నా ఎదురుగానా?"

కన్యక ముద్ద నోట్లో పెట్టుకుంది. నిజానికి ఆ ముద్ద ఆవిడకీ సయించలేదు. అన్నేళ్ళు నేర్పిన అసహ్యం ఆవిడలోనూ ఉంది మరి.  అయినా నమిలి మింగి, ఇంకో ముద్ద కలిపింది. జోగేశ్వరరావుగారు విస్తట్లోంచి లేచినట్టు లేచి, చెయ్యి కడిగేసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

సూరమ్మగారు నిలబడే ఉంది. మొగుడి తలుపు వైపు చూసింది, కూతురి కంచం వైపు చూసింది. నెయ్యి గిన్నె తెచ్చి ఒక చెంచా వేసింది. "పప్పు వేడిగా ఉంది, చూసుకో" అంది. 

ఎడమచేతివాళ్ళ కర్రలు రాజమండ్రిలో దొరకవు. "ఒక్కటి చాలు మొదట" అని హేమశ్రీ బెంగళూరులో తెలిసినవాళ్ళ దగ్గర వాడిన ఏడో నంబరు ఇనప కర్ర ఒకటి తెప్పించింది. నిరంజన్ ముందు నసిగాడు. "అందరూ ఒకవైపు, నువ్వొక్కదానివి ఇంకోవైపు తిరిగి నిలబడితే చూసేవాళ్ళు..." అన్నాడు. కన్యక ఆయన వైపు చూసింది. ఆయన వాక్యం అక్కడితో వదిలేశాడు. తర్వాత తనే వెళ్ళి ఆ చివరి చాప రెండోవైపు కూడా తిరిగి నిలబడ్డానికి వీలుగా జరిపించమని మిల్లు ఆసామికి చెప్పొచ్చాడు. 

అంతటితో బంతులన్నీ తిన్నగా పోయాయనుకుంటే పొరపాటు. మొదటి వారం కొత్త కర్రతో కన్యక కొట్టిన బంతులు ఘోరంగా పోయాయి. కోపంలో ఒకటి రెండు కుదరడం వేరు, రోజూ కుదరడం వేరు. ఈసారి వంపు ఎడమవైపుకి తిరిగింది.

"ఇదేంటమ్మాయ్? అదే జబ్బు, వైపు మారిందంతే" అంది కన్యక మండిపడుతూ.

"జబ్బు అదే గానీ మనిషి వేరండీ" అంది హేమశ్రీ. "ఇప్పుడు కుడి చెయ్యి పైన, ఎడం చెయ్యి కింద. కానీ ఆ పై చెయ్యే అన్నీ తను లాగేద్దామని చూస్తోంది. ఇన్నేళ్ళూ పెత్తనం చేసిందిగా, వదలదు. దాన్ని ఊరికే పట్టుకోమనండి, చాలు. ఎడం భుజం తోసుకురాకుండా ముందు నడుం తిప్పండి. అప్పుడు కర్ర లోపలినుంచి వస్తుంది."

అట్టపెట్టె మళ్ళీ వచ్చింది, ఈసారి ఇటువైపు. చంకలో రుమాలూ వచ్చింది. తేడా ఏంటంటే, ఒకరోజు కుదిరింది మర్నాడు కూడా మిగిలేది. నెల తిరిగేసరికి పదింట్లో ఆరేడు లేచి, తిన్నగా వెళ్ళి, అక్కడెక్కడో మెత్తగా దిగేవి. పళ్ళ డాక్టరు చూసి, "మేడమ్, మోచెయ్యి..." అన్నాడు. "మీ బంతి నా చాప మీదికి వచ్చిందండీ, తీసుకెళ్ళండి" అంది కన్యక.

షాపులో కూడా ఎడం చెయ్యి ముందుకి రావడం మొదలెట్టింది. ఒక మేస్త్రీ బ్రష్షుల కట్ట అందుకోబోయి ఆగి, "ఏంటమ్మా, పొద్దున్నే ఎడం చేత్తో ఇస్తున్నారు, బోణీ బేరం" అన్నాడు. కన్యక కట్ట వెనక్కి తీసుకోలేదు, చెయ్యి మార్చలేదు. అలాగే పట్టుకుని నిలబడింది. వెనక ఇంకో ఇద్దరు కస్టమర్లు నిలబడ్డారు. "కావాలంటే పుచ్చుకో, లేకపోతే ఎదురు షాపులో కుడి చేత్తో ఇస్తారు" అంది. వాడు పుచ్చుకున్నాడు. ఆ తర్వాత రాలేదు కూడా. పోతే పోయాడు అనుకుంది. కానీ రోజంతా చిరచిరలాడుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం కౌంటర్‌లో ఎవరూ లేనప్పుడు పెన్ను ఎడం చేత్తో పట్టుకుని తన పేరు రాయబోయింది. రాలేదు. క వంకర తిరిగింది, న్య రెండు ముక్కలైంది. ఒకటో తరగతి పిల్ల రాత. బంతి కొట్టడం ఆ చేతిలో ఎలాగో దాక్కుని మిగిలింది గానీ, రాత మిగల్లేదు. అది ఎప్పుడో, ఎవరూ చూడకుండా, కుర్చీ కాలి దగ్గరే పోయింది. కాగితం నలిపి పారేసి, లేచి, గోడౌన్‌లోకి వెళ్ళి, ఖాళీ డబ్బాని కాలితో ఫెడీమని తన్నింది. మోతకి నిరంజన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది?" అన్నాడు. "ఏం లేదు. డబ్బా పడింది" అంది. ఆయన పడ్డ డబ్బానీ ఆవిడ మొహాన్నీ చూసి, డబ్బా తీసి మూలన పెట్టి వెళ్ళిపోయాడు.

నాన్నగారు ఫోన్ చేయడం మానేశారు. అమ్మ ఆదివారాలు చేస్తుంది. కూరేం చేశావు, మోకాళ్ళెలా ఉన్నాయి, అంతే. ఒకసారి మాత్రం ఫోన్ పెట్టబోతూ, "ఏదో ఆట ఆడుతున్నావటగా, ఎడం చేత్తో. శ్యాంబాబు చెప్పాడు. బాగా ఆడతావటే?" అని అడిగింది.  కన్యకకి కోపం అలాగే ఉంది. ఆ అడగడంలో ఏదో భయంలాంటిది కూడా వినబడింది.

"ఇంకా సరిగ్గా రాలేదమ్మా" అంది. "భుజం తోసుకొస్తోంది."

"నెమ్మదిగా వస్తుందిలే" అంది సూరమ్మగారు. "తొందరపడకు."

తొందరపడకు అన్న ఆ ఒక్క మాటకి కన్యకకి మళ్ళీ ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేసి, కర్ర తీసుకుని, కారు తాళాలు వెతుక్కుంది.